చూపు తగ్గినపుడు దోషము కంటిలోనే ఉండనక్కరలేదు

పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో గావించిన ప్రసంగ పాఠము



గ్రామారోగ్యమును గురించి ప్రసంగమనగానే మంచినీరు, మురుగు కాలువలు, దోమల నివారణ వంటి విషయములు మీ మనస్సునకు వచ్చియుండును. అవి మీకు నాకంటె బాగుగా తెలిసినవి. ఈనాడు నేను మీ ముందుంచదలచినది అంత తరచుగా వినబడని ఒక వ్యాధి. దాని పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్, క్లుప్తముగా ఎం.ఎస్. అందురు. అది మెదడునకును, వెన్నుపామునకును, నేత్రనాడికిని సంబంధించిన వ్యాధి. కాని పెక్కుమందిలో అది మొట్టమొదట చూపునందే బయటపడును.

అరుదైన వ్యాధిని గూర్చి పంచాయతీ సభ్యులు తెలిసికొననేల యని మీరు అడుగవచ్చును. ఇట్టి వ్యాధి గ్రామములో తలయెత్తినపుడు జరుగు క్రమమును ఒకమారు ఊహింపుడు. పాతికేండ్ల యువతి ఒకతె తన కన్ను మసకబారినదని చెప్పును. ఇంటివారు కంటి శిబిరమునకు తీసికొనిపోవుదురు. అచట శుక్లము లేదు, కళ్లజోడు అక్కరలేదు, కంటిలో దోషమేమియు కనబడలేదని చెప్పుదురు. ఆ మాట ఊరికి చేరునప్పటికి దాని అర్థము మారిపోవును. పని తప్పించుకొనుటకు నటించుచున్నదని కొందరు, గాలి సోకినదని కొందరు అందురు. కొన్ని వారములు గడచిన పిమ్మట చూపు తిరిగివచ్చును. అప్పుడు నటనయే యని రూఢియగును. లేదా తాయెత్తు కట్టినవానికి కీర్తి దక్కును. వ్యాధి మాత్రము లోపల అట్లే యుండును. మరల రెండేండ్లకో పదియేండ్లకో కాళ్లు పట్టుతప్పినపుడు, ఆనాటి కంటి జబ్బునకును దీనికిని సంబంధమున్నదని చెప్పువారెవరును ఉండరు.

కంటిలో దోషము లేదన్న మాటకు చూపులో దోషము లేదని అర్థము కాదు. ఈ ఒక్క సంగతిని మీరు గ్రామమునకు తీసికొనిపోయినచో ఈ ప్రసంగమునకు ఫలము దక్కినట్లే.

చెరువు, కాలువ, ఆయకట్టు

మనము కంటితో చూచుచున్నామని అనుకొందుము. నిజమునకు కన్ను వెలుగును పట్టి యిచ్చును, చూచునది మెదడు. కంటి లోపల వెనుకగోడపై రెటీనా అను పలుచని పొర యున్నది. వస్తువుల నుండి వచ్చిన వెలుగు దానిపై పడగా అది ఆ వెలుగును విద్యుత్ సంకేతములుగా మార్చును. ఆ సంకేతములను మెదడునకు కొనిపోవునది నేత్రనాడి. ఒక్కొక్క నేత్రనాడిలో సుమారు 10 లక్షల సన్నని తంతువులు కట్టగట్టినట్లుండును.

రెండు కన్నుల నాడులును మెదడు అడుగు భాగమున ఒకచోట కలిసికొనును. ప్రతి రెటీనాలో ముక్కువైపు సగము నుండి బయలుదేరిన తంతువులు అచట అవతలి ప్రక్కకు దాటును. తక్కినవి తమ ప్రక్కనే సాగును. అందువలన మనకు కుడివైపున నున్న దృశ్యమంతయు మెదడు ఎడమ భాగమునకును, ఎడమవైపు దృశ్యము కుడి భాగమునకును చేరును. త్రోవలో థాలమస్ అను మజిలీ యున్నది. తుదకు సంకేతములు తల వెనుకవైపున నున్న దృష్టి కేంద్రమునకు పోవును. అచటను, దాని పరిసర భాగములలోను రంగును, ఆకారమును, కదలికను, దూరమును వేరువేరుగా విడదీసి గుర్తించు పని జరుగును. ఆ ముక్కలన్నియు ఒకటిగా కూర్చబడినపుడే, వచ్చుచున్నది మన యెద్దేయనియు, అది మనవైపే వచ్చుచున్నదనియు మనకు తెలియును.

సాగునీటి సంగతి మీకు తెలిసినదే. చెరువు నిండుగా నున్నది. తూము తెరచియే యున్నది. ఐనను చివరి మడికి నీరందుట లేదు. అనుభవముగల రైతు చెరువును నిందింపడు. కాలువ వెంట నడచి గండి యెచట పడినదో చూచును. కన్ను చెరువు, నేత్రనాడి కాలువ, మెదడు ఆయకట్టు అనుకొనుడు. కంటి శిబిరమున పరీక్షించునది ముఖ్యముగా చెరువును. ఎం.ఎస్. వలన చెడునది కాలువ. కొన్నిసార్లు ఆయకట్టు లోపలి పిల్లకాలువలు కూడ.

పైపొర చెడినపుడు

మెదడులోని నాడీ తంతువులలో చాలవాటికి మైలిన్ అను కొవ్వుతో కూడిన పొర చుట్టుకొనియుండును. కాలువకు సిమెంటు లైనింగు ఎట్టిదో తంతువునకు మైలిన్ అట్టిది. అది యున్నంతకాలము సంకేతము వేగముగా, వృథాకాక చేరును. శరీరమును క్రిముల నుండి కాపాడవలసిన రోగనిరోధక శక్తి ఎం.ఎస్. రోగులలో ఈ మైలిన్ పొరపైననే దాడి చేయును. పొర ఊడినచోట సంకేతము నెమ్మదించును. కొన్నియెడల దారిలోనే ఆగిపోవును. వాపు తగ్గిన తరువాత కొంత పొర మరల ఏర్పడవచ్చును. కాని దాడి తీవ్రమైనచో తంతువే తెగిపోవును. తెగిన తంతువు తిరిగి మొలవదు.

ఇట్టి గట్టిపడిన మచ్చలు మెదడులోను వెన్నుపాములోను పలుచోట్ల ఏర్పడుట వలన ఈ వ్యాధికి ఆ పేరు వచ్చినది. మల్టిపుల్ అనగా పలు, స్క్లెరోసిస్ అనగా గట్టిపడుట. పారిస్ నగరములోని సాల్పెట్రియేర్ ఆసుపత్రి వైద్యుడు జాన్ మార్టిన్ షార్కో 1868లో దీనిని ఒక ప్రత్యేక వ్యాధిగా వర్ణించెను. రోగుల కనుగ్రుడ్లు వణకుటయు, వస్తువును అందుకొనబోవునపుడు చేయి అదురుటయు, మాటలు ముక్కముక్కలుగా వచ్చుటయు ఆయన ముఖ్య లక్షణములుగా చెప్పెను. చూపునకు సంబంధించిన లక్షణము ఆనాటి నుండియు ఈ వ్యాధి వర్ణనలో నున్నదన్నమాట.

2020లో వేసిన అంచనా ప్రకారము ప్రపంచమున 28 లక్షల మంది ఈ వ్యాధితో జీవించుచున్నారు. వ్యాధి నిర్ణయమగునాటికి వారి సగటు వయస్సు 32 సంవత్సరములు. పురుషులకంటె స్త్రీలలో ఇది రెండింతలు. ఐరోపా, ఉత్తర అమెరికాలతో పోల్చినచో మన దేశమున తక్కువగా కనబడును. ఒకప్పుడు ఇచట మిక్కిలి అరుదని తలచిరి, ఎం.ఆర్.ఐ. యంత్రములు వచ్చిన పిమ్మట వెనుకటికంటె ఎక్కువమందిలో గుర్తింపబడుచున్నది. మూడు నాలుగు వేల జనాభా గల గ్రామమున ఒక్కరును ఉండకపోవచ్చును. కాని ఒక జిల్లాలో తప్పక ఉందురు. వారును ఏదో ఒక గ్రామమునకో పట్టణమునకో చెందినవారే.

కారణము పూర్తిగా తేలలేదు. ఎప్స్టీన్-బార్ అను వైరసు సోకిన పిమ్మట ఎం.ఎస్. వచ్చు అవకాశము సుమారు 32 రెట్లు పెరిగినదని, అమెరికా సైనికోద్యోగులు కోటిమందికి పైగా గల రికార్డులను పరిశీలించి 2022లో ప్రకటించిరి. ఐతే ఆ వైరసు లోకములో పెద్దవారిలో నూటికి 90 మందికి పైగా సోకియే యుండును. వారిలో బహు కొద్దిమందికి మాత్రమే ఈ వ్యాధి వచ్చును. పొగత్రాగుట, డి విటమిను లోపము కూడ అవకాశమును పెంచునని తేలినది. ఎం.ఎస్. అంటువ్యాధి కాదు. రోగితో కలిసి భుజించినను, ఒకే యింట నివసించినను ఇది సోకదు. ఎవరి శాపము వలనను, చేతబడి వలనను వచ్చునది కాదు.

కన్ను మసకబారు తీరు

ఎం.ఎస్. నేత్రనాడిని తాకినపుడు వచ్చు వాపును ఆప్టిక్ న్యూరైటిస్ అందురు. సుమారు ఐదుగురు రోగులలో ఒకరికి వ్యాధి ఈ రూపముననే ఆరంభమగును. సగము మందికి జీవితములో ఎప్పుడో ఒకప్పుడు వచ్చును. దాని లక్షణములు గ్రామములో ఎవరైనను గుర్తుపెట్టుకొనదగినవి.

సాధారణముగా ఒక కంటికే వచ్చును. చూపు కొలది గంటలలోనో, కొలది దినములలోనో తగ్గును. శుక్లము వలె ఏండ్ల తరబడి మెల్లగా తగ్గదు. కనుగ్రుడ్డును ప్రక్కలకు త్రిప్పినపుడు లోపల నొప్పి పుట్టును. చూపునకు నడుమ పొగ క్రమ్మినట్లుండి, మనిషి ముఖము కనబడక అంచులు మాత్రము కనబడవచ్చును. రంగులు వెలవెలబోవును; ముఖ్యముగా ఎరుపు. ఒక పండుమిరపకాయను ఒక్కొక్క కంటితో చూడుమన్నచో, మంచి కంటికి ఎఱ్ఱగా కనబడినది రెండవ కంటికి ఉతికి ఉతికి వెలిసిన గుడ్డవలె తోచునని రోగులు చెప్పుదురు.

కంటిపైన ఎరుపు గాని, పుసి గాని, నీరు కారుట గాని ఉండదు. మూడింట రెండు వంతుల మందిలో, కంటి లోపలికి దీపము వేసి చూచినను మొదటి దినములలో నేత్రనాడి మొగము మామూలుగానే యుండును. వాపు కనుగ్రుడ్డునకు వెనుకనుండుటయే దీనికి కారణము. రోగికి ఏమియు కనబడదు, వైద్యునికిని ఏమియు కనబడదని ఈ జబ్బును గురించి వైద్యులలో ఒక నానుడి కలదు. ఐనను నిజమును బయటపెట్టు సులభమైన పరీక్ష యొకటి యున్నది. వైద్యుడు టార్చిలైటును ఒక కంటి నుండి రెండవ కంటికి మార్చిమార్చి వేయును. నాడి చెడిన కంటిపై వెలుగు పడినపుడు కనుపాప చిన్నది కావలసినది పోయి పెద్దదగును. కనుపాపను ఎవరును నటనతో పెద్దది చేయజాలరు.

నయమైనదన్న భ్రమ

ఈ వ్యాధికి పేరు పెట్టకముందే దీనిని అనుభవించి, దినచర్యలో వ్రాసిపెట్టిన మనిషి ఒకడున్నాడు. ఇంగ్లండు రాజు మూడవ జార్జి మనుమడు ఆగస్టస్ డెస్టే. ఆయన 1794లో జన్మించెను. 1822 డిసెంబరులో, తాను తండ్రివలె ప్రేమించిన బంధువును చూచుటకు స్కాట్లండు వెళ్లగా, చేరునప్పటికే ఆ బంధువు మరణించియుండెను. అంత్యక్రియలు జరిగిన కొలది కాలమునకే ఆయన చూపు మసకబారెను. ఉత్తరములను ఇతరులచే చదివించుకొని, జవాబులు ఇతరులచే వ్రాయించవలసి వచ్చెను. తరువాత ఏ మందును వాడకయే చూపు బాగుపడెను. 1826లో మరల వచ్చెను, మరల పోయెను. 1827లో ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున ఒక వస్తువు రెండుగా కనబడసాగెను. వైద్యుడు అది పైత్యమని తలచి కణతలకు జలగలు పట్టించెను, విరేచనములకు ఇచ్చెను, చేతి నుండి రక్తము తీసెను. రెండుగా కనబడుట తగ్గెను. కాని అంతలోనే కాళ్ల సత్తువ సన్నగిల్లసాగెను. అటుపిమ్మట ఇరువది యేండ్లు వ్యాధి పెరుగుచునే యుండి, తుదకు చక్రముల కుర్చీ శరణ్యమయ్యెను. 1848లో ఆయన మరణించెను. ఆ దినచర్య సరిగా నూరేండ్లకు, 1948లో ప్రచురింపబడినది. అది ఎం.ఎస్. అని వైద్యులు ఆ వ్రాతలను బట్టి గుర్తించిరి.

మొదటిసారి మందు లేకయే తగ్గినది. తరువాత జలగలు పట్టించగా తగ్గినది. తగ్గుట ఈ జబ్బు స్వభావము. తనంతట తాను తగ్గు జబ్బునకు ఆ సమయమున ఏ వైద్యము జరిగినను ఆ వైద్యమునకే పేరు వచ్చును. రాజుగారి మనుమనికి జరిగినదే మన గ్రామములలోను జరుగును. ఆకుపసరు పోసినను, తాయెత్తు కట్టినను, మ్రొక్కు చెల్లించినను చూపు కొంత తిరిగిరావచ్చును. కాని కంటిలో పసరు పోయుట వలన మంచి కన్ను కూడ పుండుపడి చెడవచ్చును. దానికంటె పెద్ద నష్టము, నయమైపోయినదని నమ్మి అసలు పరీక్షకు పోకుండుట.

అమెరికాలో 1988 నుండి 1991 వరకు ఆప్టిక్ న్యూరైటిస్ వచ్చిన 457 మందిని ఒక పెద్ద పరిశీలనలో చేర్చుకొని ఏండ్ల తరబడి గమనించిరి. వారిలో నూటికి 92 మందికి కంటినొప్పి యుండెను. ఏడాది గడచునప్పటికి నూటికి 90 మందికి పైగా మంచి చూపు తిరిగివచ్చెను. కాని 15 సంవత్సరములలో వారిలో సగము మందికి ఎం.ఎస్. ఉన్నట్లు తేలెను. మొదటనే మెదడు ఎం.ఆర్.ఐ.లో మచ్చలు ఉన్నవారిలో నూటికి 72 మందికిని, మచ్చలు లేనివారిలో నూటికి 25 మందికిని వచ్చెను. ఇవి అమెరికా లెక్కలు. వ్యాధి తక్కువగానున్న మన దేశమునకు ఇదే నిష్పత్తి వర్తించునని చెప్పరాదు. కాని కన్ను బాగుపడినంత మాత్రమున పని ముగియలేదని మనకు తెలియుటకు ఇవి చాలును.

చూపు వచ్చినను మెదడు చూచు తీరు

అక్షరముల పలకపై చివరి వరుస వరకు చదివిన మనిషి, "ఐనను నా చూపు వెనుకటివలె లేదు" అని చెప్పిన యెడల నమ్మవలెనా? నమ్మవలెను. దానికి తగిన ఆధారములు కలవు.

లండనులో హాలిడే, మెక్డొనాల్డ్, ముషిన్ అను వైద్యులు 1972లో ఒక పరీక్షను ప్రకటించిరి. రోగిని చదరంగపు గళ్లవంటి తెర యెదుట కూర్చుండబెట్టి, నల్లగళ్లను తెల్లగా, తెల్లగళ్లను నల్లగా మార్చుచు, తల వెనుక అంటించిన తీగల ద్వారా మెదడు స్పందనను కొలిచిరి. ఆరోగ్యవంతులలో సుమారు 100 మిల్లీసెకండ్లకు, అనగా సెకనులో పదియవ వంతునకు, సంకేతము మెదడునకు చేరి స్పందన కనబడును. జబ్బుపడిన కంటి నుండి అది మరి ముప్పది మిల్లీసెకండ్లో, అంతకు మించియో ఆలస్యముగా చేరెను. చూపు పూర్తిగా వచ్చినదనుకొన్నవారిలో కూడ ఆ ఆలస్యము నిలిచియుండెను. నీరు చివరి మడికి చేరుచునే యున్నది. వంతు దాటిన తరువాత చేరుచున్నది.

ఈ స్వల్పమైన ఆలస్యము వలన ఒక వింత చిక్కు కలుగును. రెండు కన్నుల వార్తలును ఒకే క్షణమున అందినపుడే మెదడు దూరమును సరిగా అంచనా వేయగలదు. ఒక కంటి వార్త ఆలస్యమైనచో, ఎదుట అటునిటు తిన్నగా ఊగు లోలకము గుండ్రముగా తిరుగుచున్నట్లు తోచును. జర్మనీ దేశపు కార్ల్ పుల్ఫ్రిక్ 1922లో దీనిని వివరించెను. రోగికి ఇది వేడుక కాదు. ఎదురుగా వచ్చు లారీ తనవైపు ఒరిగి వచ్చుచున్నట్లు తోచవచ్చును. తలుపు సందులో దూరునపుడు భుజము తగులవచ్చును. గ్లాసులో నీరు పోయబోగా ప్రక్కన పడవచ్చును.

జెరూసలేములోని హడాస్సా వైద్యశాల పరిశోధకులు 2011లో మరియొక సంగతిని వెల్లడించిరి. ఆప్టిక్ న్యూరైటిస్ తగ్గినవారిలో నిలకడగానున్న వస్తువులను గుర్తించు శక్తి చాలవరకు తిరిగివచ్చినను, కదలికను బట్టి వస్తువును గుర్తించు శక్తి ఏడాది తరువాతను వెనుకబడియే యుండెను. కదలికను చూచుటకు వార్తలు వెంటవెంటనే అందవలెను గదా! రోడ్డు దాటుటకు, ట్రాక్టరు నడుపుటకు, పారిపోవు దూడను పట్టుటకు కావలసినది ఈ శక్తియే.

వెలుగు చీకట్ల తేడా తక్కువగా నున్నచోట కూడ ఇబ్బంది యెక్కువ. తెల్లకాగితముపై నల్లని అక్షరములు చదివినవారు, బూడిదరంగు అక్షరములను చదువలేరు. ముసురు పట్టిన సాయంకాలమున గట్టుమీద నడచుటయు, ఒకే రంగు గల మెట్లు దిగుటయు వారికి కష్టము.

వ్యాధి నేత్రనాడిని విడిచి, కనుగ్రుడ్లను కదలించు నాడుల దారిని తాకినచో రెండు కన్నులును జతగా తిరుగవు. అప్పుడు ఒక మనిషి ఇద్దరుగా కనబడును. ఒక కన్ను మూసికొనగానే అది పోవును. మెదడు వెనుక భాగమున చిన్నమెదడు దెబ్బతిన్నచో కనుగ్రుడ్లు వణకి, ఎదుటి గోడయే ఊగుచున్నట్లు తోచును.

ఇక మెదడు లోపలి మచ్చల సంగతి. సుమారు సగము మంది రోగులలో ఆలోచనా వేగము ఎంతో కొంత తగ్గును. వారు మందబుద్ధులు కారు; తెలివి తెలివిగానే యుండును. కాని చూచినదానిని గ్రహించి బదులు చెప్పుటకు మరికొంత సమయము కావలెను. సంతలో అన్నివైపుల నుండి మనుషులు, బండ్లు, అరపులు ముసురుకొన్నపుడు తికమకపడుదురు. మెదడు చేతులు ముడుచుకొని కూర్చుండదు. చూపునకు సంబంధించని భాగములను కూడ తోడు తెచ్చుకొని పని నెట్టుకొనివచ్చుట స్కానులలో కనబడినది. ఈ అదనపు శ్రమయు వారి అలసటకు ఒక కారణము కావచ్చును. మధ్యాహ్నమునకే అలసి కూర్చుండిన మనిషిని సోమరి యనుటకు ముందు మనము ఒకమారు ఆలోచింపవలెను.

ఎండకాలపు చిక్కు

జర్మనీ దేశపు కంటివైద్యుడు విల్హెల్మ్ ఉథాఫ్ 1890లో గమనించిన విషయమొకటి మన ప్రాంతమునకు ముఖ్యము. కొందరు రోగులకు శ్రమపడి ఒళ్లు వేడెక్కగానే చూపు మసకబారి, చల్లబడగానే తిరిగివచ్చెను. మైలిన్ ఊడిన తంతువు వేడికి తట్టుకొనలేదు. ఒంటి వేడి ఒక డిగ్రీలో సగము పెరిగినను సంకేతము ఆగిపోవచ్చును. మన రాష్ట్రములలో మే నెల యెండ ఎట్టిదో చెప్పనక్కరలేదు. ఉదయము బాగుగా చూచిన మనిషి మధ్యాహ్నము కనబడుట లేదన్నచో అది సాకు కాదు. జ్వరము వచ్చినను, వేడినీళ్ల స్నానము చేసినను, పొయ్యి దగ్గర చాలసేపు కూర్చున్నను ఇట్లగును. వేడి వలన క్రొత్తగా నాడి చెడదు గనుక భయపడనక్కరలేదు. నీడ, చల్లని నీరు, తడిగుడ్డ, కొంత విశ్రాంతి చాలును. ఒకదినము గడచినను చూపు రానియెడల మాత్రము వైద్యుని చూడవలెను.

పోలికగల ఇతర వ్యాధులు

చూపు హఠాత్తుగా తగ్గినదెల్ల ఎం.ఎస్. కాదు. న్యూరోమైలైటిస్ ఆప్టికా అను వ్యాధి దీనికి చుట్టమువలె కనబడును గాని వేరు. అది రెండు కన్నులను ఒకేసారి తీవ్రముగా దెబ్బతీయవచ్చును. చూపు తిరిగివచ్చుట తక్కువ. దానిని గుర్తించు రక్తపరీక్షకు మూలమైన ప్రతిరక్షకమును 2004లో కనుగొనిరి. ఎం.ఎస్.కు వాడు కొన్ని మందులు ఆ వ్యాధికి హాని చేయును గనుక ఏది యేదో ముందుగా తేల్చుట ప్రాణావసరము.

క్షయరోగులకు ఇచ్చు ఎథాంబుటాల్ మాత్ర కూడ కొలదిమందిలో నేత్రనాడిని దెబ్బతీయును. ఎరుపు, ఆకుపచ్చ రంగులు తెలియకపోయినచో ఆ సంగతి వెంటనే వైద్యునికి తెలుపవలెను. మందులన్నిటిని తామే మానివేయుట తగదు. కల్తీసారాలోని మిథైల్ ఆల్కహాలు త్రాగినవారు గంటలలో చూపు కోల్పోవుదురు. అది తక్షణము పెద్దాసుపత్రికి తరలింపవలసిన ప్రమాదము.

పరీక్షలు, చికిత్స

నాడీవ్యాధి నిపుణుడు లక్షణములను విని, మెదడునకు వెన్నుపామునకు ఎం.ఆర్.ఐ. తీయించును. అవసరమైనచో వెన్నులోని నీటిని, రక్తమును పరీక్షించును. ఓ.సి.టి. అను కంటి స్కాను రెటీనాలోని నాడీ తంతువుల మందమును కొలిచి, ఎంత నష్టము జరిగినదో చూపును.

వాపు తీవ్రముగా నున్నపుడు మిథైల్ ప్రెడ్నిసొలోన్ అను స్టెరాయిడును పెద్ద మోతాదులో కొన్ని దినములు నరములోనికి ఎక్కింతురు. దాని వలన చూపు త్వరగా వచ్చును. పైన చెప్పిన అమెరికా పరిశీలనలో, మామూలు మోతాదు స్టెరాయిడు మాత్రలను మాత్రమే మ్రింగినవారికి జబ్బు తిరుగబెట్టుట ఎక్కువయ్యెనని 1992లో తేలినది. కావున మందుల దుకాణములో అడిగి మాత్రలు కొనితెచ్చి వాడరాదు.

వ్యాధిని సమూలముగా తొలగించు మందు ఇంకను లేదు. కాని దాడులను తగ్గించు మందులు కలవు. అట్టివానిలో మొదటిదైన ఇంటర్ఫెరాన్ బీటాకు 1993లో అమెరికాలో అనుమతి లభించినది. తరువాత సూదిమందులు, మాత్రలు, నరములోనికి ఎక్కించు మందులు పలువిధములైనవి వచ్చినవి. తంతువులు తెగకముందే ఆరంభించినచో వాని ప్రయోజనము ఎక్కువ. త్వరగా గుర్తింపవలెననుటకు కారణమిదియే.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది, ఒక కన్ను కొలది దినములలో మసకబారి, కన్ను కదలించినపుడు నొప్పి యున్నచో, ఆ మనిషిని ఆశా కార్యకర్త ద్వారానో ఏ.ఎన్.ఎం. ద్వారానో అదే వారములో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు, అచటి నుండి కంటివైద్యుడును నాడీవ్యాధి నిపుణుడును గల పెద్దాసుపత్రికి పంపవలెను. కంటిలో దోషము లేదని చెప్పిన చీటీని పారవేయక వెంట తీసికొనిపోవలెను. రెండవ వైద్యునికి అది మంచి ఆధారము. ప్రభుత్వ ఆరోగ్య పథకము ఏ చికిత్సకు వర్తించునో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలిసికొనవచ్చును.

రెండవది, ఏ తేదీన ఏ కన్ను మసకబారినది, ఎన్నాళ్లకు తగ్గినది, కాళ్లు చేతులు తిమ్మిరెక్కినవా యను వివరములను రోగి ఒక పుస్తకమున వ్రాసికొనునట్లు చూడవలెను. డెస్టే దినచర్య నూరేండ్ల తరువాత వైద్యులకు పనికివచ్చినది. మనవారి పుస్తకము వచ్చు నెలలోనే పనికివచ్చును. అది రోగి సొంత విషయము గనుక పదుగురిలో చదువరాదు.

మూడవది, పంచాయతీ కార్యాలయము, పాఠశాల, ఆరోగ్య ఉపకేంద్రము మెట్ల అంచులకు పసుపురంగు పట్టీ వేయించుడు. నోటీసు బోర్డులపై అక్షరములు పెద్దవిగా, స్ఫుటముగా వ్రాయించుడు. వీధిదీపములు ఆరినచోట త్వరగా వేయించుడు. దీని వలన వృద్ధులందరికిని మేలు కలుగును. ఉపాధి పనులు జరుగుచోట నీడయు నీరును ఉంచుట, ఇట్టివారికి ఉదయపు పని నిచ్చుట మీ చేతిలోనిది.

నాల్గవది, 2016లో చేయబడిన వికలాంగుల హక్కుల చట్టము గుర్తించిన 21 రకముల వైకల్యములలో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు స్పష్టముగా నున్నది. వైకల్యము నూటికి 40 పాళ్లు గాని అంతకు మించి గాని ఉన్నట్లు ధ్రువపత్రము లభించినవారు చట్టములోని ప్రత్యేక సౌకర్యములకు అర్హులు. ఉభయ రాష్ట్రముల ప్రజలకు సదరం శిబిరములు పరిచయమే. వ్యాధి పైకి కనబడదు గనుక, నిపుణుని నివేదికలన్నియు తీసికొని ఇట్టివారిని పంపవలెను. కాళ్లు బాగుగా నున్నవి గదా, దరఖాస్తు ఎందుకని కార్యాలయములో ఎవరును త్రిప్పి పంపకుండ చూచుట మీ బాధ్యత.

ఐదవది, ఎక్కువ మంది రోగులు వివాహయోగ్యమైన వయస్సులోనున్న స్త్రీలని చెప్పితిని. జబ్బు మాట తెలియగానే కోడలిని పుట్టింటికి పంపివేయు కుటుంబములు ఉండవచ్చును. ఎం.ఎస్. గల స్త్రీ బిడ్డలను కనవచ్చును. గర్భిణిగానున్న కాలమున, ముఖ్యముగా చివరి మూడు నెలలలో, దాడులు తగ్గును. ప్రసవమైన తరువాత కొన్ని నెలలు జాగ్రత్తగా నుండవలెను. మందుల విషయము ముందుగా వైద్యునితో మాట్లాడవలెను. తల్లికి ఉన్నంత మాత్రమున బిడ్డకు వచ్చునని భయపడనక్కరలేదు. అట్టి బిడ్డలలో అత్యధికులకు రాదు. పెద్దమనుషులుగా ఇంటివారికి ఈ మాట నచ్చజెప్పుటకు మీకంటె తగినవారు లేరు.

సోదర సోదరీమణులారా! వ్యాధిని నిర్ణయించుట వైద్యుని పని. మిమ్ము ఎవరును వైద్యులు కమ్మనుట లేదు. మీ వార్డులో ఒకరు తమకు కనబడుట లేదని చెప్పినపుడు, కన్ను చక్కగానే యున్నది గదా యని నవ్వి ఊరకుండక, ఆ మాటను నమ్మి తగిన వైద్యుని యొద్దకు చేర్చుట మీరు చేయదగిన పని. దానికి నిధులు అక్కరలేదు, తీర్మానము అక్కరలేదు. గ్రామమునకు తిరిగిపోయిన పిమ్మట రాబోవు గ్రామసభలో ఐదు నిమిషములు దీనికై కేటాయించి, ఆశా కార్యకర్తచే ఈ నాలుగు లక్షణములను చెప్పింపుడని కోరుచున్నాను: ఒక కన్ను, కొలది దినములు, కదలించినపుడు నొప్పి, వెలిసిన ఎరుపు.